పిల్లలతో పెసరట్టు

పిల్లలతో కలిసి ఇంట్లో చేసుకోదగ్గ ఆరోగ్యకరమైన టిఫిన్లలో పెసరట్టుకు మొదటి పీట వేయవచ్చు. పెసలు నానితే చాలు, దోసెల పిండిలా పులియనక్కర్లేదు. వంద గ్రాముల పెసల్లో 22 నుంచి 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఇవి పెద్దలు చెప్పుకునే కారణాలు. పిల్లలకు ఒకటే కారణం: ఈ వంటలో మిక్సీ మీట తిప్పవచ్చు.

కావలసినవి: పొట్టుతో ఉన్న పెసలు రెండు గ్లాసులు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు, ఉల్లిపాయలు, ఆకుకూర ఒక కట్ట, పిల్లవాడు ఒకడు. పిల్లలు ఇద్దరైతే తగవు తీర్చడానికి ఒక పెద్దమనిషి అదనం. పిల్లల సాయం లేకపోతే ఈ పని ముప్పావు గంటలో అయిపోతుంది. సాయం ఉంటే రెట్టింపు పడుతుంది. అందుకే స్కూలు బస్సు వచ్చే రోజున దీని జోలికి వెళ్లరు. ఆదివారమైతే టిఫిను కాస్తా మధ్యాహ్న భోజనమైపోయినా అడిగేవాళ్లుండరు.

పెసలు ఐదారు గంటలు నానాలి. నానుతున్నాయో లేదో పిల్లలు పది నిమిషాలకోసారి చెయ్యి పెట్టి చూస్తారు కాబట్టి నీళ్లు కూడా తరచుగా మార్చాలి. మొలకెత్తించి రుబ్బితే మరీ మంచిది. ఎండు గింజలో లేదనదగినంత తక్కువగా ఉండే విటమిన్ సి, మొలక వచ్చేటప్పుడు పెరుగుతుంది. నానిన పెసలను తడిబట్టలో మూటకట్టి ఉంచితే ఎండాకాలంలో ఒక్క రోజుకే మొలకలొస్తాయి. మూటను ఇంట్లో ఎవరూ విప్పకుండా ఉంటేనే ఈ లెక్క. మొలక కనబడ్డాక ఇంకో చిక్కుంది. అన్నిటికన్నా పొడుగ్గా వచ్చిన గింజకు పేరు పెడతారు. పేరున్న గింజను రుబ్బడం కుదరదు. దానికి తడి దూది వేసిన గ్లాసు ఒకటి, కిటికీలో చోటు ఒకటి కేటాయించాలి.

పనుల పంపకం వయసును బట్టి ఉంటుంది. మూడేళ్లవాళ్లు కొత్తిమీర కడుగుతారు, దానితోపాటు చొక్కా కూడా. ఐదారేళ్లవాళ్లు పాలకూర తుంచుతారు, అల్లం మీది పొట్టును చెంచాతో గీకుతారు. పదేళ్లు దాటినవాళ్లను పెద్దవాళ్లు పక్కనే ఉండి పెనం దగ్గరికి రానివ్వవచ్చు. ఏ వయసువాళ్లకైనా నిజమైన పనే ఇవ్వాలి. ఖాళీ గిన్నె, గరిటె ఇచ్చి ‘కలుపుతూ ఉండు నాన్నా’ అంటే రెండేళ్లవాడు నమ్ముతాడు, నాలుగేళ్లవాడు నమ్మడు.

ఆకుకూర సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చాలా ఇళ్లలో పాలకూరను, క్యారెట్‌ను పిండిలో రుబ్బి, పిల్లల కంటబడకుండా కడుపులోకి పంపించే ఆచారం ఉంది. పిల్లవాడే మిక్సీ దగ్గర నిలబడ్డాక ఈ గూఢచర్యం సాగదు. అది మంచికే. కొత్త రుచికి పిల్లలు అలవాటు పడాలంటే ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు కూడా వాళ్ల ముందు పెట్టాల్సి వస్తుందని పోషకాహార నిపుణులు చెబుతారు. కడగడం, తుంచడం, వాసన చూడటం ఈ పరిచయాన్ని దగ్గర చేస్తాయి. పైగా పాలకూర వేసింది తనే కాబట్టి, కంచంలో దానికి వకీలు కూడా తనే అవుతాడు. చెల్లెలు మూతి ముడిస్తే ‘అది నేను వేశాను, తిను’ అని గద్దిస్తాడు. ఆ ఒక్క మాట కోసం అమ్మ నాలుగేళ్లుగా పడ్డ పాట్లు ఎన్నో!

పచ్చిమిర్చి పెద్దల శాఖ. దాని ఘాటుకు కారణమైన కాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్లతో చెయ్యి కడుక్కుని కన్ను నులుముకుంటే వంట అక్కడితో ఆగిపోతుంది. చేతికి కాస్త నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఉల్లిపాయ కూడా పెద్దల శాఖే గానీ, నాన్న ఏడవడం చూడటానికి పిల్లలు ప్రత్యేకంగా వస్తారు. తరిగే ముందు ఉల్లిపాయను ఫ్రిజ్‌లో పెడితే ఆ ఘాటు తగ్గుతుంది, ప్రేక్షకులూ తగ్గుతారు. ఉప్పు దగ్గర మాత్రం చెంచా తప్పనిసరి. పెద్దవాళ్లకే రోజంతా కలిపి ఐదు గ్రాములకు మించకూడదంటారు. పిల్లల చిటికెలో ఐదు వేళ్లూ ఉంటాయి.

ఇక పెనం. కాలిందో లేదో చూడటానికి నీళ్లు చిలకరిస్తారు. చుక్కలు సుయ్‌మని ఆవిరైతే సరే. గోళీల్లా దొర్లుతూ గంతులేస్తే పెనం మరీ కాలిందన్నమాట. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పెనానికి అంటకుండా పైకెత్తి ఉంచుతుంది. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించాడు. తెలుగిళ్లలో అట్లు పోసే ఆడవాళ్లకు ఆయనతో పనిపడలేదు. అంత కాలిన పెనం మీద పిండి పరచకముందే గట్టిపడుతుంది. మంట తగ్గించి, కోసిన ఉల్లిపాయతో పెనాన్ని రుద్ది, అప్పుడు పిండి పోయాలి. ఈ ఆలస్యం పిల్లలకు నచ్చదు, వాళ్లకు గంతులే కావాలి.

పిల్లలు పోసిన మొదటి అట్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆకారంలో మొదలై, తిప్పేసరికి రెండు రాష్ట్రాలవుతుంది. ఈ దశలో పెద్దల చెయ్యి అట్లకాడ కోసం దానంతటదే ముందుకొస్తుంది. దాన్ని వెనక్కి కట్టుకుని నిలబడటమే మొత్తం వంటలో కష్టమైన పని. వంటల పుస్తకాల్లో దీనికి కొలత ఇవ్వరు. ‘అట్లా కాదు, ఇటివ్వు’ అన్న అమ్మమ్మ దగ్గర అట్టు గుండ్రంగా వస్తుంది, మనవడు టీవీ ముందుకు పోతాడు.

పెసరట్టుకు జోడీగా హోటళ్లు ఉప్మాను స్థిరపరిచాయి. ఆ జోడీని విడదీయమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అయినా హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండాలి. వీటిలో చివరి మాట పిల్లలకు బాగా వినిపిస్తుంది. బంగాళాదుంప వేపుడు బదులు క్యారెట్ తురుము, కొత్తిమీర, కాస్త నిమ్మరసం అట్టు మీద చల్లితే సరిపోతుంది. పెసల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మరసంలోని విటమిన్ సి తోడ్పడుతుంది. టిఫినుతోపాటే తాగే కాఫీ, టీలు దానికి అడ్డుపడతాయి. ఈ రెండో సంగతి పిల్లలకు చెప్పే ముందు బాగా ఆలోచించుకోవాలి. తెలిసిన మరుక్షణం ‘తాతయ్యా, ఐరన్ పోతుంది!’ అంటూ ఫిల్టర్ కాఫీ గ్లాసు లాక్కుంటారు. గంట ఆగాకగానీ తిరిగివ్వరు. తాతయ్య గంటకు ఒప్పుకోడు, పది నిమిషాల దగ్గర రాజీ కుదురుతుంది.

వంటలో కడగడం కూడా భాగమేనని ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే సరిగ్గా ఆ వేళకే హోంవర్కు గుర్తొస్తుంది. ఎండిన పెసరపిండి మిక్సీ జారుకు సిమెంటులా పట్టేస్తుంది కాబట్టి రుబ్బిన వెంటనే నీళ్లు పోసి పెట్టాలి. మిగిలిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. చాలా ఇళ్లలో అది సోమవారం సాయంత్రం ఉల్లిపాయ ముక్కలతో కలిసి బాండీలో పునుగులవుతుంది. వాటికి సాయం చేయమని పిల్లలను పిలవరు, పిల్లలే వస్తారు.