ఎమ్మెల్యేగారికి అర్జీ, ఇంట్లో నోటీసు

అర్జీలు రాయడంలో మా కలిదిండి మండలంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. పొద్దస్తమానం మేత కొట్లో రొయ్యల రైతుల బాకీలు రాసే చెయ్యి, సాయంత్రమయ్యేసరికి ప్రజాసమస్యల మీద పడుతుంది. ఈమధ్య మా ఊరి హైస్కూలు మీద పడింది. కొల్లేరు నీళ్లు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దారి. అది నిండితే మా పల్లపు ఊళ్లకి నీరు లాగదు. ముసురు పట్టిందంటే పిల్లలు చెప్పులు చేత పట్టుకుని ప్రార్థనకి నిలబడాలి. బడి ఆవరణకి మెరక తోలించమని నా అర్జీ.

ఎవరికి రాయాలన్న దగ్గరే సగం పాండిత్యం ఖర్చయింది. 2022 ఏప్రిల్ 4న మమ్మల్ని కృష్ణా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. కలెక్టరుగారు ఏలూరులో. జిల్లా పరిషత్తుని మాత్రం అప్పుడు విడదీయలేదు, కాబట్టి బడి పేరులో ఉన్న ఆ పరిషత్తు బందరులోనే ఉండిపోయింది. అసెంబ్లీకి కైకలూరు, పార్లమెంటుకి ఏలూరు, డిగ్రీ చదివిన పాపానికి ఎమ్మెల్సీ ఓటు కృష్ణా–గుంటూరులో. ఎంపీగారికి ఏటా 5 కోట్ల నిధి ఉంటుంది కదా అని ఆయన పేరూ చేర్చాను. చివరికి ఎవరెవరికి ప్రతులన్న జాబితా ఒక పేజీ, మెరక సంగతి ఒకటిన్నర వాక్యం.

మా ఆవిడ చదివి, "ఏవండీ, విషయం ఎక్కడుంది?" అంది.

ఆవిడ సంగతి చెప్పాలి. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా బడుల యాజమాన్య కమిటీలకి ఎన్నికలు జరిగాయి. మా అమ్మాయి ఆ బడిలోనే చదువుతోంది కదా, నిలబడదామని నేను చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లుండాలని చట్టం. తల్లులంతా కలిసి మా ఆవిడకి చేతులెత్తేశారు. నా చొక్కా ఆవిడ పక్కన ఫొటోకి పనికొచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో నాకు తెలియని లెక్కలు మాట్లాడుతోంది. ‘తల్లికి వందనం’ 15 వేలలో 13 వేలు తల్లి ఖాతాకి, 2 వేలు బడి నిర్వహణకి. నేను ఆ 13 వేలలో కొత్త ఫోను చూస్తుంటే, ఈవిడ ఆ 2 వేలు దేనికి పోయాయో మీటింగులో అడిగొస్తుంది. ఏసీ మాటెత్తితే, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటితే పథకమే పోతుందని విసనకర్ర చేతికిస్తుంది.

"మీ అర్జీ తేలేలోపు సమగ్ర శిక్ష గ్రాంటు సంగతి చూడండి," అంది. బడిలో 31 నుంచి 100 మంది దాకా ఉంటే ఏడాదికి 25 వేలు. 100 దాటితే 50 వేలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోంచే. అందులో పదోవంతు శుభ్రతకి. తలలు లెక్కపెట్టేది సెప్టెంబరు 30 నాటికి. "మన బడిలో 98 మంది. ముగ్గురు తక్కువ."

ముగ్గురి కోసం పాతిక వేలు పోవడమా! రక్తం మరిగి, నిబంధన సడలించాలని అర్జీలో ఇంకో పేరా కలిపాను. ఆవిడ చెప్పులేసుకుని వీధిలోకెళ్లింది. చదువు మానేసి చెరువుగట్ల మీద తిరుగుతున్న కాపలావాళ్ల అబ్బాయిని ఒప్పించింది. అమ్మమ్మ దగ్గరుంటున్న ఒక పిల్లని చేర్పించింది.

మూడోవాడెవరని నేను అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

మూడోవాడు మా హాల్లోనే ఉన్నాడు, కాన్వెంటు టై విప్పుకుంటూ. ఆరో తరగతి. అమ్మాయికి ఊరి బడి, అబ్బాయికి పసుపు బస్సు అన్న తీర్పు నాదే. వాడు రేపు నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడాలి కదా అన్నాను అప్పట్లో. వాడి ఇంగ్లీషు హోంవర్కు రోజూ చేయించేది మా అమ్మాయే. కట్టేసిన టర్మ్ ఫీజు గురించి ఆవేశంగా మాట్లాడాను. "మరి టై ఏం చేద్దాం?" అని కూడా అన్నట్టున్నాను.

పరువు నిలుపుకోవడానికి అప్పటికప్పుడు ఎమ్మెల్యేగారి ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదస్తుడు. మెరక సంగతంతా విని రాసుకున్నారు. "మీ పిల్లలు ఆ బడేనాండీ?"

"అమ్మాయండీ."

"ఒక్కతేనాండీ?"

సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. మా చెరువుల మధ్య టవర్లు అంతంతమాత్రం. పక్క గదిలో మా ఆవిడ అదే టవరు మీద వాళ్లక్కతో అరగంట మాట్లాడిందంటే, అది వేరే విషయం.

రాత్రి అన్నాల దగ్గర వాడినే అడిగాం. నేను భవిష్యత్తు గురించి చెప్పాను, పోటీ ప్రపంచం గురించి చెప్పాను. వాడు అంతా విని, "అక్క బళ్లో గుడ్డు పెడతారు. చిక్కీ కూడా," అన్నాడు.

"సెప్టెంబరు 30 దాకా టైముంది, ఆలోచిద్దాం," అన్నాను బింకంగా.

ఆవిడ నా అర్జీ తెచ్చి, వెనక ఖాళీగా ఉన్న వైపు తిప్పి, పెన్ను చేతిలో పెట్టింది. టీసీ ఇమ్మని కాన్వెంటుకి రాయాలట.

"‘గౌరవనీయులైన’ అని మొదలెట్టండి. అది మీకు బాగా వచ్చు."