లాకు దొర పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ.వె.
మొదలివాడు తిట్టు ముంచితి వనుచును
చివరివాడు తిట్టు చేర దనుచు
నడుమ లాకు దొరకు నాలుగు ఫోనులు
నీరు మాత్ర మొకటె నిలుపు టెట్లు

అవతారిక

కవీ వ్యాఖ్యాతా ఒకడే. తన పద్యానికి తానే టీక రాసుకోవడం మర్యాద కాదని పెద్దలు ఆక్షేపించవచ్చు. ప్రాజెక్టు మేనేజర్లు తమ ప్రగతి నివేదికలు తామే రాసుకుంటున్న కాలంలో ఆ ఆక్షేపణ నిలవదు. గౌతమికీ వసిష్ఠకీ నడుమనున్న కోనసీమలో, దాళ్వా (రెండో పంట) వరికి శివారున గింజ పాలుపోసుకునే వేళ, కాలువ కట్టేత తేదీ ఇంకా తేలని ఒకానొక ఉదయాన, ఇరిగేషన్ సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గారి అవస్థను కవి వర్ణించుచున్నాడు.

ప్రతిపదార్థం

మొదలివాడు = కాలువ తల దగ్గర, తూము పక్కనే చేనున్న రైతు; ముంచితివి అనుచును = "గట్టు పొర్లిపోతోందండీ, కోతకొచ్చిన చేను నానిపోతోందండీ" అనుచు; తిట్టున్ = తిట్టును (కోనసీమ తిట్టు కావున చివర 'అండి' తప్పదు); చివరివాడు = శివారు రైతు; చేరదు అనుచు = "బోదెలో చుక్క లేదండీ, చేను నెర్రెలిచ్చిందండీ" అనుచు; తిట్టున్ = వీడును తిట్టును; నడుమన్ = ఇద్దరికీ మధ్య; లాకు దొరకున్ = ఏఈగారికి; నాలుగు ఫోనులు = వివరం కింద చూడుడు; నీరు మాత్రము ఒకటె = కాలువ ఒకటే గనుక; నిలుపుట = ఆపుట; ఎట్లు = ఎలాగండీ బాబూ.

తాత్పర్యం

స్పష్టం.

విశేషాలు

మొదలివాడూ చివరివాడూ ఒకే నీటిమీద రెండు విధాల ఏడవడం అతిశయోక్తి అని కొందరు. అది పొసగదు. నీరు ముందు అందినవాడు ముందు ఊడుస్తాడు, ముందు కోస్తాడు. శివారుకు నీరు చేరి నారు పడేసరికి ఆలస్యమవుతుంది. కొత్తపేట పక్క చేను పండి ఎండ కోరుతుంటే, కాట్రేనికోన, ఉప్పలగుప్తం వైపు చేను ఆఖరి తడి కోరుతుంది. రెండు కోరికలూ న్యాయమైనవే. కట్టేత తేదీ మాత్రం ఒకటే. కావున ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి.

'దొర' శబ్దం సాభిప్రాయం. ధవళేశ్వరం ఆనకట్టను 1847-1852 మధ్య కట్టించిన కాటన్‌ను ఇక్కడివారు నేటికీ దొర అనే అంటారు. అయితే దొరకు కింద వీణెం వీరన్న ఉన్నాడు. పైన ఇంగ్లీషు అధికారులు, కింద వేల కూలీ జనం, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆ నడుమ నిలిచి పని నడిపించినవాడు ఆయనే. ఈ పద్యంలోని 'నడుమ' అనే మాటకు తొలి ఉదాహరణగా వ్యాఖ్యాత వీరన్నగారినే స్వీకరిస్తున్నాడు.

ఇక నాలుగు ఫోనులు. మొదటిది చేపల, రొయ్యల చెరువులవారిది: "మా చెరువులు నింపుకునేదాకా కట్టకండీ." రెండోది పంచాయతీది: "మంచినీళ్ల చెరువు సగమైనా నిండలేదండీ, ఎండాకాలం జనం మమ్మల్ని బతకనివ్వరు." మూడోది కాలువ మరమ్మతుల కాంట్రాక్టరుది: "ఇవాళే కట్టేస్తే రేపే పొక్లెయిన్ దింపుతానండీ. తర్వాత టైము లేదంటే నాది పూచీ కాదు." నాలుగోది పై ఆఫీసుది. దాళ్వాకు గోదావరి సొంత నీరు చాలక సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి మీద ఆధారపడతారు గనుక, "అక్కణ్నుంచి వచ్చేది తగ్గింది, వంతులు పెట్టండి" అని దాని సారం. ఎమ్మెల్యేగారి పీఏ ఫోను ఐదోది. యతి కుదరక కవి దాన్ని విడిచిపెట్టాడు. ఏఈగారికి ఆ సౌకర్యం లేదు.

ఇన్ని ఫోనులకూ ఆయన జవాబు ఒక్కటే: "ఆయ్, చూద్దామండి." ఇది అసత్యమని పూర్వపక్షం. సిద్ధాంతం ఏమనగా, ఆయన నిజంగానే చూస్తాడు. చూడటం తప్ప చేయగలిగింది తక్కువ. 1997 నాటి సాగునీటి యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలనూ, వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలనూ, ఆపైన ప్రాజెక్టు కమిటీనీ ఏర్పరచింది. ఇంజనీరుకు ఇచ్చిన పేరు సమర్థాధికారి. సంఘం తీర్మానాన్ని అమలుచేయడం అతని పని. సామర్థ్యం పేరులో ఉంది, అధికారం తీర్మానంలో ఉంది, తిట్లు సెల్‌ఫోనులో ఉన్నాయి. దీన్ని అసంగత్యలంకారమని లాక్షణికులు అంటారు.

'నిలుపుట' అనగా కాలువ కట్టివేయుట అని ఒక అర్థం, చేలో నీరు నిలబెట్టుట అని మరొక అర్థం. తూము కాపలా లస్కరు షట్టరు దించితే మొదటిది, ఎత్తితే రెండోది. రెండూ ఒకే చక్రం తిప్పుడులో ఉన్నాయి. ఇక రాజోలు వైపు నీరు పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా అక్విడెక్టు దాటి పోవాలి కనుక, అక్కడి శివారు అసలే శివారుకు శివారు. 2000లో కట్టిన కొత్త అక్విడెక్టుకు అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆమె పేరున్న వంతెన మీదుగా "లేదండీ" అనే కబురు పంపవలసి రావడం ఏఈగారి ప్రారబ్ధం.

పద్యంలో ఒక లోపం ఉంది. ఫోను చెయ్యనివాడు ఇందులో లేడు. కోనసీమలో చేను దున్నేవారిలో ఎక్కువమంది నోటిమాట కౌలుదారులు. రికార్డులో పేరెక్కిన కౌలుదారుకు సంఘంలో సభ్యత్వం ఉంది. కాగితమే లేనివాడికి ఓటూ లేదు, మీటింగుకు పిలుపూ లేదు. వాడు తిట్టడు. తిట్టగలిగినవారి గోడైనా తీరిందా అంటే, 2011లో కోనసీమ రైతులు సార్వా (తొలి పంట) వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. తుపానుల లోపు కోతలు ముగిసేలా నీరు ముందుగా వదలాలనీ, మురుగు కాలువలు పూడిక తీయాలనీ, గిట్టుబాటు ధర ఇవ్వాలనీ నాటి రైతుల మాట. 2022లో మళ్లీ అదే ప్రకటన, ఇంచుమించు అవే కోరికలు. మురుగు కాలువ సంగతి వరిచేనుతో ఆగదు. శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రపు పోటు ఎక్కి కేశనపల్లి వైపు కొబ్బరి తలలు వాల్చడం అందరూ చూసిందే.

కనుక సెక్షన్ ఏఈగార్లకు వ్యాఖ్యాత విన్నపం: కట్టేత తేదీ ఖాయం కాగానే తూము దగ్గరి పలక మీద పెద్ద అక్షరాలతో రాయించండి, కింద మీ నంబరు పెట్టండి. ఆ తేదీ వేసేముందు ఒక్కసారి ఆఖరి బోదె దాకా లస్కరును వెంటబెట్టుకుని వెళ్లి, పట్టా ఎవరిదని అడక్కుండా, చేలో ఉన్నవాణ్ని అడగండి.