సోషల్ వర్కర్ చెక్కుచెదరకుండా ఉండాలంటే: అధికారులకు చిట్కాలు

మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కాంట్రాక్టు సోషల్ వర్కర్ ఈమధ్య ఊరికే విసుక్కుంటోందా? కంగారు పడకండి. ఆవిడకు కావలసింది మనోధైర్యం. దానికి బడ్జెట్లో పద్దు అక్కర్లేదు, అదే దాని గొప్పతనం.

ముందు ఒక శిక్షణ పెట్టండి. ఆదివారమైతే పనిదినం పాడవదు. కలెక్టరేట్ మీటింగ్ హాలుకు అందరినీ పదింటికి రమ్మని, మీరు పదకొండున్నరకు వచ్చి జ్యోతి వెలిగించండి. హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణుడు కళ్లు మూసుకుని గాలి నిండుగా పీల్చమంటాడు. సరిగ్గా అప్పుడే బాలల హెల్ప్‌లైన్ 1098 నుంచి ఫోను: ఫలానా ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లకు రాత్రికి పెళ్లి. పీల్చిన గాలి వదలకుండానే ఆవిడ లేచి పరుగెడితే హాజరు పట్టీలో అరపూటే వేయండి.

ఆఫీసు జీపు అడుగుతుంది. ఇచ్చారా, అలవాటైపోతుంది. సొంత స్కూటీ ఉందిగా! పెట్రోలు బిల్లు పెడితే లాగ్‌బుక్ నకలు జతచేయమనండి. స్కూటీకి లాగ్‌బుక్ ఎక్కణ్నుంచి తేవాలో తేలేలోపు ఆర్థిక సంవత్సరం గడిచిపోతుంది. పందిట్లో పిల్ల మేనమామ "నీ ఇల్లెక్కడో నాకు తెల్వదా" అన్నాడని, తోడుగా కానిస్టేబుల్ కూడా రాలేదని చెప్పుకుంటే, "మీరే కాస్త మెత్తగా మాట్లాడాల్సిందమ్మా" అనండి. 1098 బాధ్యత 2023లో ప్రభుత్వం చేతికే వచ్చేసింది. తప్పు మోపడానికి స్వచ్ఛంద సంస్థ కూడా లేదు, ఇక ఆవిడే దిక్కు.

కాపాడిన పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలంటుంది 2015 నాటి బాల న్యాయ చట్టం. తెచ్చినావిడ ఎప్పుడు పడుకోవాలో అందులో లేదు. లేని నిబంధన మీరు కల్పించకండి. తెల్లారి పదింటికల్లా వాట్సాప్ గ్రూపులో ఫొటోలతో సహా రిపోర్టు అడగండి.

పోక్సో కేసులో పిల్ల చెప్పింది విన్నాక అన్నం సహించట్లేదు అంటే ఇంకో కేసు అప్పగించండి, దీన్ని అది మరిపిస్తుంది. ఖాళీగా ఉన్న పక్క పోస్టు కూడా ఇన్‌చార్జిగా ఆవిడకే ఇస్తే, బాధపడే తీరికే ఉండదు. తెలంగాణలో అయితే జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పిల్లల్ని వెతికి కాపాడే డ్రైవ్‌లు ఎటూ ఉన్నాయి. సెలవు అడిగితే ఆ రెండు నెలలు తప్ప ఎప్పుడైనా తీసుకొమ్మనండి. మిగతా పది నెలల్లో అడిగితే, ఇన్‌చార్జి ఎవరని అడగండి.

మూడు నెలల జీతం బాకీ సంగతి ఎత్తితే, ఇది ఉద్యోగం కాదు సేవ అని గుర్తు చేయండి. మార్చి 8న శాలువా కప్పండి. శాలువా, మెమెంటో కొనుక్కొచ్చే పని ఆవిడకే అప్పగిస్తే బేరమాడి తెస్తుంది.

మార్చి 31న కాంట్రాక్టు ముగించి, ఒక్కరోజు ఆపి మళ్లీ తీసుకోండి. సర్వీసు కలవదు. ఆ ఒక్కరోజును సిబ్బంది సంక్షేమ నివేదికలో 'విశ్రాంతి' కింద చూపించవచ్చు.