లైనులో లేని చుక్క

మోతీనగర్ పాతకాపులకు విమానం కొత్త కాదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచేదాకా, పడమటి దిక్కు నుంచి బేగంపేటలో దిగే విమానాలు ఈ మేడల మీదుగానే పోయేవి. మా పెద్దమ్మ కొడుకు ఆ చప్పుడు వింటూ పెరిగాడు. ఉద్యోగం కోసం టెక్సస్ వెళ్ళాడు, ఇల్లు కొన్నాడు. ఆ ఇంటి గరాజ్‌లో కారు బయట పెట్టేసి, ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు కూర్చుని, రెండు సీట్ల అల్యూమినియం విమానం ఒకటి తన చేతులతో కట్టుకున్నాడు.

మన దేశంలో ఇలాంటి పనికి దిగినవాళ్ళు బహు అరుదు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ తమ అపార్ట్‌మెంట్ డాబా మీదే ఆరు సీట్ల విమానం కట్టి 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. దానికి రిజిస్ట్రేషన్ దక్కేసరికి 2017 వచ్చింది, ఎగరడానికి అనుమతి దక్కేసరికి 2019 వచ్చింది. అమెరికాలో దారి కాస్త నున్నగా ఉంటుంది. వ్యాన్స్ కంపెనీ వాళ్ళ ఆర్వీ రకం కిట్లు కొని, వేలమంది ఇళ్ళలోనే కట్టుకుని ఎగురుతున్నారు. సగానికి మించిన పని కట్టుకునేవాళ్ళే చేయాలని అక్కడి నిబంధన. రంగు పని మాత్రం ఆ లెక్కలోకి రాదు, ఎవరిచేతనైనా చేయించుకోవచ్చు.

అన్నయ్య విమానం రంగు లేకుండానే, వట్టి అల్యూమినియం మెరుపుతోనే గాల్లోకి లేచింది. చట్టం అడిగే పరీక్షా ప్రయాణాలు ముగిశాయి. అప్పుడు ఆలోచించాడు, దీనికి ఏం తొడగాలా అని. అక్కడి పెయింటింగ్ షాపులు చెప్పిన ధర వింటే ఇంకో ఇంజను కొనుక్కోవచ్చనిపించిందట. పైగా రంగుకు బరువుంటుంది. 1981లో అమెరికా స్పేస్ షటిల్ మొదటి రెండు ప్రయాణాలకు పెద్ద ఇంధన ట్యాంకుకు తెల్లరంగు వేశారు. మూడోసారి నుంచి రంగు మానేస్తే దాదాపు 270 కిలోలు తగ్గింది. చిన్న విమానానికి అంత ఉండదు గానీ, ప్రతి కిలో లెక్కే. అందుకని పలచని వినైల్ అంటించాలనుకున్నాడు. తోక మీద పోచంపల్లి ఇక్కత్ గళ్ళు రావాలి. అవి ముక్కు దాకా సన్నబడుతూ సాగాలి. పెద్దమ్మ కట్టుకునే చీర ఫొటో ఒకటి పంపాడు.

ఆ పని మోతీనగర్‌లోనే చేయించాలని పట్టుబట్టాడు.

మా వీధి చివర ఒక రేడియం షాపు ఉంది. కార్ల అద్దాల మీద దేవుళ్ళ పేర్లు, నంబర్ ప్లేట్లు, పెళ్ళి ఫ్లెక్సీలు, కృష్ణానగర్ నుంచీ ఫిలింనగర్ నుంచీ వచ్చే సినిమా పోస్టర్లు, క్యారవాన్ల మీద బొమ్మలు, అన్నీ అక్కడే. కంప్యూటరు ముందు కూర్చునే డిజైనర్ కుర్రాడికి మంచి చెయ్యి ఉంది. హీరోయిన్ బుగ్గ మీద మొటిమ ఉంటే అది ఎప్పుడూ లేనట్టే తీసేస్తాడు. సినిమావాళ్ళు ఆ షాపుకి రావడానికి కారణం అతనే.

మూల బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుంటాడు. ఒకప్పుడు బ్యానర్ ఆర్టిస్టు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల ముందు నిలబడిన కటౌట్లలో ఆయన చేతి రంగు కొంత ఉంది. చేతిలో పట్టేంత స్టిల్ ఫొటో మీద పెన్సిలుతో గళ్ళు కొట్టి, అవే గళ్ళు గుడ్డ మీద పెద్దవి చేసి, గడిగడికీ చూసుకుంటూ నలభై అడుగుల మనిషిని దించేవారు వాళ్ళు. ఒక గడిలో చుక్క పక్కకు జరిగితే హీరో కన్ను మెల్ల అవుతుంది. ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాక ఆ పనే లేకుండా పోయింది. ఇప్పుడు ప్లాటర్ మీద అక్షరాలు తెగాక, వాటి చుట్టూ మిగిలిన వేస్టు వినైల్‌ని సూదితో లేపి ఒలుస్తాడు. 'అ' కడుపులోని చిన్న ముక్కను కూడా అక్షరం అంచు లేవకుండా తీయడం చూశాను. ఆ చెయ్యి ఇప్పటికీ వణకదు.

అన్నయ్య విమానాన్ని అన్ని వైపుల నుంచీ, పక్కనే కొలత టేపు అంటించి మరీ ఫొటోలు తీసి పంపాడు. వీడియో కాల్‌లో షాపు యజమానికి రెండు షరతులు చెప్పాడు. రెండూ ప్రాణానికి సంబంధించినవి గనుక ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది: చుక్కానికీ, రెక్కల వెనక అంచున కదిలే పలకలకూ ఏమీ అంటించకూడదు. అవి బిజాగరి మీద తూచినట్టు నిలబడి ఉంటాయి. బిజాగరికి వెనక బరువు పెరిగితే, వేగంలో అవి అదరడం మొదలుపెట్టవచ్చు. ఆ అదురు మొదలైతే క్షణాల్లో తోక ఊడిపోవచ్చు. రంగు వేసిన తర్వాత వాటిని విప్పి మళ్ళీ తూచేది అందుకే.

రెండోది: విమానం మీద బ్లేడు పెట్టకూడదు. కార్లకు అంటించేటప్పుడు మనవాళ్ళు వినైల్ పరిచి, అంచు వెంబడి బ్లేడుతో కోసేస్తారు. కారుకు ఫర్వాలేదు. విమానం రేకు మిల్లీమీటరు కంటే పలచన. దాని మీద వెంట్రుకంత గీత పడినా, ఎగిరిన ప్రతిసారీ రేకు సాగి ముడుచుకుంటూ ఉంటే పగులు ఆ గీత దగ్గరే మొదలవుతుంది. కాబట్టి ప్రతి ముక్కా, ప్రతి కన్నమూ మోతీనగర్‌లోనే ప్లాటర్ మీద తెగాలి. అక్కడ అంటించడమే మిగలాలి.

"ఫొటోలో కనబడే కన్నాలన్నీ కట్ చేసి పంపండి" అన్నాడు.

"టెన్షన్ వద్దన్నా, మనం చూస్కుంటం" అన్నాడు యజమాని.

కుర్రాడు ప్రాణం పెట్టి చేశాడు. ఫొటోలన్నీ కలిపి విమానం పక్కభాగాన్ని తెర మీద ఒకే బొమ్మగా పరిచాడు. పెట్రోలు మూత, తలుపు గొళ్ళెం, తనిఖీ మూతలు, అన్నిటికీ గీతలు గీశాడు. ఆ తర్వాత రేకు మీదున్న రివెట్లను ఒక్కొక్కటే తుడిచేశాడు. ఇక్కత్ గళ్ళు పరిస్తే ఎక్కడా అడ్డం రాకూడదని. ప్రూఫ్ చూసి అన్నయ్య పొంగిపోయాడు. "ఒక్క మచ్చ లేదు, ఇది నా విమానమేనా" అన్నాడు. ప్రింట్ తీశారు. లామినేషన్ అయింది. ప్లాటర్ ఎక్కించబోతున్నారు. నేను చూద్దామని వెళ్ళింది ఆ సాయంత్రమే.

పెద్దాయన లేచి వచ్చి కంప్యూటరు పక్కన నిలబడ్డాడు. తెర మీద ఒకవైపు అసలు ఫొటో, ఇంకోవైపు డిజైన్. చాలాసేపు చూశాడు.

"బిడ్డా, తోకకు ముంగట గీడొక చుక్క ఉండె గదా. ఏడవోయింది?"

"అది రివెట్టు తాతా. అన్నీ తీసేశాను. క్లీన్‌గా ఉండాలి కదా."

"రివెట్లయితే లైనుల ఉంటయ్. గవన్నీ లైనుల ఉన్నయ్, సాపుగ ఉన్నయ్. గిదొక్కటే లైనుల లేదు, ఉబ్బి ఉంది. ఆ పక్క ఫొటోల గూడ గిట్లనే ఒకటున్నది. లైనుల లేనిది ఉత్తగ వెట్టరు. ఒక్కసారి ఆయన్నడుగు."

కుర్రాడు ఫొటోను పెద్దది చేశాడు. గుండ్రటి రివెట్టు తల. దాని నడిమధ్య గుండుసూది మొన దూరేంత నల్లటి కన్నం.

అన్నయ్యకు ఫోన్ కలిపి తెర చూపించాం. అక్కడ అప్పుడే తెల్లవారింది. కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ వచ్చినవాడు, బొమ్మ చూసి కప్పు కింద పెట్టేశాడు. కాసేపు మాట రాలేదు.

ఆ కన్నం విమానానికి ఊపిరి. స్టాటిక్ పోర్ట్ అంటారు. అన్నయ్య కట్టిన ఆర్వీ రకం కిట్లలో దాన్ని నిజంగానే ఒక రివెట్టుతోనే చేస్తారు. మధ్యలోని మేకు కొట్టేసి, బోలుగా మారిన రివెట్టుకు లోపలి నుంచి సన్నటి గొట్టం తగిలిస్తారు. ఇరువైపులా ఒక్కొక్కటి. బయటి గాలి ఒత్తిడి అందులోంచి లోపలికి వెళ్ళి, ఎత్తు ఎంతో, వేగం ఎంతో, పైకి పోతున్నామో కిందికి దిగుతున్నామో చెప్పే ముల్లుల్ని కదిలిస్తుంది. అది మూసుకుపోతే ఎత్తు చూపే ముల్లు నేల మీద ఉన్న అంకె దగ్గరే ఆగిపోతుంది. పైకి ఎక్కేకొద్దీ వేగం ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది, మళ్ళీ కిందికి దిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. పగటిపూట, నేల కనిపిస్తున్నప్పుడు తట్టుకోవచ్చు. మబ్బులోనో, రాత్రో అయితే పైలట్‌కి మిగిలేవి ఆ ముల్లులే.

ఇది ఊహించి చెప్తున్న భయం కాదు. 1996 అక్టోబరు 2న ఏరోపెరూ 603 అనే బోయింగ్ 757 విమానం అర్ధరాత్రి దాటాక లిమా నుంచి సాంటియాగోకు బయల్దేరింది. అంతకుముందు దాన్ని శుభ్రం చేసి పాలిష్ పెట్టినప్పుడు, ఈ కన్నాల్లోకి నీళ్ళు పోకుండా టేపు అంటించారు. పని అయ్యాక తీయడం మరిచిపోయారు. చీకట్లో, సముద్రం మీద, పైలట్లకు ఏ అంకె నమ్మాలో తెలియలేదు. కంట్రోలర్‌ని అడిగితే ఆయన చెప్పిన ఎత్తు కూడా అదే విమానం పంపిన తప్పుడు అంకె. దాదాపు పది వేల అడుగుల ఎత్తులో ఉన్నామని చూపిస్తుండగానే విమానం రెక్క నీళ్ళను తాకింది. 70 మంది ఉన్నారు. ఒక్కరూ మిగల్లేదు. కారణం తీయడం మరిచిన టేపు.

"అంటించేటప్పుడు నేను చూసేవాణ్ణేమో" అన్నాడు అన్నయ్య, "చూడకపోయేవాణ్ణేమో. మీరు పంపిన ముక్క కొలతకు సరిపోతే, కన్నాలన్నీ వచ్చేశాయనే కదా అనుకుంటాను."

కుర్రాడు ఆ రాత్రి ఇంటికి వెళ్ళలేదు. ఫొటోలన్నీ మొదటి నుంచి తెరిచి, ప్రతి చుక్కనూ పెద్దాయనకు చూపించి, ఒక్కొక్కదానికీ అన్నయ్య దగ్గర జవాబు తీసుకున్నాడు. స్టాటిక్ పోర్ట్ చుట్టూ వేలెడు వెడల్పు ఖాళీ వదిలి గుండ్రంగా కట్ చేశాడు. ఆ కుర్రాడి నిజాయితీని నేను మెచ్చుకుంటాను. తప్పు తెలిశాక సాకు చెప్పలేదు.

మర్నాడు అన్నయ్య యజమానికి మెసేజ్ పెట్టాడు. "మీ ఆర్టిస్టు పేరు తెలుగులో చిన్న స్టిక్కర్ చేసి పంపండి. తోక మీద, ఇక్కత్ కింద అంటిస్తాను. ఆ కళ్ళు లేకపోతే నా గతి ఏమిటో. డబ్బు ఎంతైనా ఫర్వాలేదు." యజమాని "అట్లనే అన్నా" అన్నాడు. బిల్లులో దానికి ఒక్క రూపాయి కూడా వేయలేదు.

రోల్ టెక్సస్ చేరింది. రెండు శనాదివారాలు పట్టింది అంటించడానికి. రివెట్టు తలల మీద హీట్ గన్‌తో వేడి చూపించి, మెత్తటి బ్రష్షుతో నొక్కుతూ పోయాడట. ఇక్కత్ అద్భుతంగా కుదిరింది. ఎండలో నిలబెట్టి ఫొటో తీసి పంపాడు. పెద్దమ్మ ఆ ఫొటోను చూసి, గళ్ళ అంచు తన చీరకున్నట్టే ఉందని పదిమందికి చెప్పింది.

వెంటనే ఇంకో ఫొటో వచ్చింది. తోక అడుగున, అంగుళం ఎత్తు తెలుగు అక్షరాలు. కింద అన్నయ్య రాశాడు: "చూశావా, పెద్దాయన పేరు. ఇక నుంచి ఎక్కడికి ఎగిరినా ఆయన నాతోనే."

నేను పెద్దది చేసి చదివాను. అది కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడి పేరు.

షాపుకి వెళ్ళి యజమానిని అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "డిజైన్ చేసింది ఆ పిల్లగాడే గదన్నా" అన్నాడు. కుర్రాడికి ఆ స్టిక్కర్ సంగతే తెలియదు, ఆ రోజు సెలవులో ఉన్నాడు. యజమానే టైపు చేసి ప్లాటర్ మీద పెట్టాడు. ఆ పేరు చుట్టూ వేస్టు ఒలిచి, అక్షరాలు చెదరకుండా ప్యాక్ చేసింది పెద్దాయన.