చీరల కొట్టు సంచిలో సమీకృత వైద్యం

మొత్తానికి మన ఆరోగ్యానికి ఢోకా లేదు. అమలాపురం మెడికల్ కాలేజీని సర్కారే నడపాలా, పీపీపీ పేరుతో ప్రైవేటుకి ఇవ్వాలా అని రెండు పార్టీలూ పంచెలు ఎగ్గట్టి దిగాయి. ఒకరు కోటి సంతకాలంటారు, ఇంకొకరు పెట్టుబడులంటారు. ఆంబోతుల మధ్య నలిగే లేగదూడ ఎవరో వేరే చెప్పాలా? అది ప్రస్తుతం రాజోలు బస్టాండులో కాకినాడ బస్సు కోసం చూస్తోంది.

ఈ గొడవలో ఒక కొత్త మాట బాగా మెరుస్తోంది. 'సమీకృత'. ఇంగ్లీషు పట్టభద్రులు ఇంటిగ్రేటెడ్ అంటారు. ఇంకాస్త చదువుకున్నవాళ్ళు 'హబ్ అండ్ స్పోక్' అని గాలిలో వేలితో సైకిలు చక్రం గీసి చూపిస్తారు. మధ్యలో ఇరుసులా కాలేజీ ఆస్పత్రి, చుట్టూ పుల్లల్లా చిన్నాస్పత్రులు, చదువూ వైద్యమూ పరిశోధనా కలిసి గిర్రున తిరుగుతాయట. తిరగడం మాట నిజమే. తిరిగేది రోగి.

మాకు ఈ సమీకృత వైద్యం ఎప్పుడో వచ్చేసింది. అది ఒక చీరల కొట్టు సంచిలో ఉంటుంది.

మా మేనత్తకి డెబ్బై దాటాయి. ఊరు లంక. కిందటేడు వరద తీసే రోజుల్లో కడుపులో నొప్పి మొదలై కళ్ళు పచ్చబడ్డాయి. ఊళ్ళో పసరు పోసేవాడి దగ్గరికి వెళ్తానంటే, కాదు, ఆస్పత్రికే వెళ్దామని నేనే పట్టుబట్టాను. ఆ పాపం నాది. అక్కణ్ణుంచి మూడు ఆస్పత్రులు తిరిగాం. పేర్లు చెప్పను. చెబితే తప్పంతా ఆ ఆస్పత్రులదేనని మీరనుకుంటారు, డాక్టర్లతో సహా అక్కడున్నవాళ్ళు ఎవరి పని వాళ్ళు చేశారు. అసలు దోషం అదే, ఎవరి పని వాళ్ళే చేశారు.

మొదటి చోట డాక్టరమ్మ చూసింది, రక్తం తీయించింది, స్కానింగ్ చేయించుకు రమ్మంది, చీటీ రాసి పైకి పంపింది. రెండో చోట ఆ చీటీ చదివి, వెనక్కి తిప్పి, వెనక ఏమీ లేదని రూఢి చేసుకుని, మా ల్యాబులో మళ్ళీ చేయించండన్నారు. రక్తం. మూడో చోట రెండో చోటి కాగితం చూసి పక్కన పెట్టారు. మళ్ళీ రక్తం. "నా రక్తం వంతెన దాటితే మారిపోద్దేంట్రా అబ్బాయ్?" అంది మా అత్తయ్య. నా దగ్గర జవాబు లేదు. వైద్యశాఖ డైరెక్టర్ల దగ్గరుంటే చెప్పమనండి, ఆవిడకి చేరవేస్తాను.

ఇక ఆ సంచి సంగతి. మనవరాలి ఓణీల ఫంక్షనుకి చీరలు కొన్నప్పుడు కొట్టువాళ్ళు ఇచ్చింది. ముదురు గులాబీ రంగు, గట్టి తాడు పిడులు, మీద పట్టుచీర కట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. అందులో ఉన్నవి: రెండు స్కానింగ్ ఫిల్ములు, మూడు చోట్ల రక్తపరీక్షల కాగితాలు, ఆధార్ జిరాక్సులు ఆరు, రేషన్ కార్డు, బీపీ మాత్రలు అయిపోయిన ఖాళీ పట్టీలు (మందు పేరు నోరు తిరగదు కాబట్టి అవే చూపిస్తుంది), ఒక తువ్వాలు, స్టీలు గ్లాసు, రాత్రికి పడుకోనిచ్చే చుట్టాలింటికి రెండు పొట్లాలు ఆత్రేయపురం పూతరేకులు. ఏ కౌంటరు ఏది అడిగినా మా అత్తయ్య చెయ్యి లోపలికి వెళ్ళి దాన్నే పట్టుకొచ్చేది. "ఆయ్, అన్నీ ఇందులోనే ఉన్నాయండి బాబూ." ఒకసారి మాత్రం పూతరేకులు వచ్చాయి.

పడవలో రేవు దాటేటప్పుడు వాన. అందరూ గొడుగులు నెత్తిమీద పట్టుకుంటే మేం సంచి మీద పట్టాం. మనిషి తడిస్తే తువ్వాలుంది. ఫిల్ము తడిస్తే మళ్ళీ స్కానింగ్, మళ్ళీ డబ్బులు, మళ్ళీ రేపు రండి. ఆ ఐదు నిమిషాలూ మా అత్తయ్య జబ్బు ఆవిడ ఒంట్లో లేదు, ఆ సంచిలో ఉంది.

కంప్యూటర్లు లేవా అంటారేమో. ఎందుకు లేవు? 2021లో ఢిల్లీ వాళ్ళు మొదలెట్టిన డిజిటల్ ఆరోగ్య ఖాతా ఉంది, పధ్నాలుగు అంకెలు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ వస్తుందని గోడ మీద అంటించారు. మా అత్తయ్యకీ ఖాతా తెరుద్దామన్నారు. ఆధార్ నెంబరు కొట్టారు. ఓటీపీ వచ్చింది. ఎక్కడికి? కువైట్‌కి. ఆధార్‌కి ఇచ్చిన ఫోను కూతురిది, కూతురు అక్కడ ఒక ఇంట్లో వంట చేస్తోంది. దాని సేఠాణి వంటింట్లో ఫోను ముట్టుకోనివ్వదు. కోనసీమలో ఇంటికొకరు గల్ఫులో ఉన్నారని ఓటీపీ కనిపెట్టినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. చివరికి కౌంటరు అబ్బాయే దయతలచి, "వదిలెయ్యండి మామ్మగారూ, కాగితాలున్నాయి కదా" అన్నాడు. సంచి గెలిచింది.

చీటీ గురించి కూడా చెప్పాలి. అందులో కారణం దగ్గర మూడే మాటలు: 'మెరుగైన వైద్యం కోసం'. ఈ మాటలు మీరు రోజూ పేపర్లో చదువుతారు. ట్రాక్టరు తిరగబడింది, మెరుగైన వైద్యం కోసం అమలాపురం తరలించారు. అమలాపురం నుంచి మెరుగైన వైద్యం కోసం కాకినాడ. కాకినాడ నుంచి మెరుగైన వైద్యం కోసం విశాఖ, లేదంటే హైదరాబాదు. మెరుగైన వైద్యం ఎప్పుడూ తర్వాతి ఊళ్ళోనే ఉంటుంది. మనం చేరేలోపు అది బస్సెక్కేస్తుంది. పంపిన డాక్టరుకి ఆ రోగి ఏమయ్యాడో తెలియదు, ఎందుకంటే వెనక్కి వచ్చే చీటీ లేదు. తను అనుకున్న జబ్బు అదేనా, ఇచ్చిన మందు పనిచేసిందా, పంపడం ఆలస్యమైందా, ఎవరూ చెప్పరు. వైద్యవిద్య అంటే అదే కదండీ? తప్పు తెలుసుకునే దారి మూసేసి, పక్కనే కొత్త కాలేజీ కడతామంటున్నాం.

108 ఉంది కదా అంటారు. ఉంది, దండం పెట్టాలి. అది మనిషిని చేరుస్తుంది. మనిషి కథని సంచే చేరుస్తుంది.

ఇదంతా ఎందుకిలా ఉందో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. మన రాష్ట్రంలో ఒక రోగానికి ముగ్గురు పెద్దలు. ఊళ్ళో పీహెచ్‌సీ పబ్లిక్ హెల్త్ డైరెక్టరుది. దాని పైనున్న సీహెచ్‌సీలు, అమలాపురం ఏరియా ఆస్పత్రి వైద్య విధాన పరిషత్తువి. ఎన్టీఆర్ హయాంలో 1986 చట్టంతో పుట్టిన ఆ పరిషత్తుని ఇప్పుడు సెకండరీ హెల్త్ అంటున్నారు. కాకినాడ జీజీహెచ్ వైద్యవిద్య డైరెక్టరుది, అంటే డీఎంఈది. జ్వరం మాత్రం ఒక్కటే. అది వంద డిగ్రీలున్నప్పుడు ఒక డైరెక్టరుది, నూట మూడు దాటితే ఇంకో డైరెక్టరుది. జిల్లాలో పీహెచ్‌సీలకి డీఎంహెచ్‌వో, ఆస్పత్రులకి డీసీహెచ్‌ఎస్, బోధనాస్పత్రికి సూపరింటెండెంటు. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చునేది కలెక్టరు సమీక్ష పెట్టిన రోజున, టీ బిస్కెట్ల దగ్గర.

కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు వస్తారు. ప్రభలు భుజాన ఎత్తుకుని, కొన్నిటిని కౌశిక కాలువ దాటించి మరీ తెస్తారు. దేవుళ్ళంతా ఏడాదికోసారైనా ఒక తోటలో కూర్చుని లోకం సంగతి మాట్లాడుకుంటారని మన నమ్మకం. మన డైరెక్టర్లు ముగ్గురు. తోట మనం చూపిస్తాం, ప్రభ మీద ఎత్తుకు రమ్మన్నా వస్తాం.

పేర్ల విషయంలో మాత్రం మనకి లోటు లేదు. హెల్త్ యూనివర్సిటీకి ఎన్టీఆర్ పేరు, 2022లో వైఎస్సార్ పేరు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరు. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఎన్ని పేర్లు మారాయో లెక్కపెడితే సంచిలో ఇంకో అర పట్టాలి.

జాతీయ వైద్య కమిషన్ వారికి కూడా శ్రద్ధ ఉంది. 2023 నిబంధనల్లో రాశారు: కాలేజీ, ఆస్పత్రి వేర్వేరు చోట్ల ఉంటే మధ్య ప్రయాణం అరగంట దాటకూడదు. మంచి మాట. విద్యార్థి అలిసిపోకూడదు. వంద సీట్లకి 420 పడకలు ఉండాలని కూడా రాశారు. మంచాలు లెక్కేశారు, కుర్రాళ్ళ బస్సు లెక్కేశారు. ఆ మంచం మీద పడుకోవలసినవాడు సఖినేటిపల్లి నుంచి ఎంతసేపట్లో రావాలో మాత్రం ఆ నిబంధనల్లో రాయలేదు.

ఇక్కడితో నాకు వ్యంగ్యం అయిపోయింది.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలింది. పాలు తీసుకురావడానికి లేచినవాళ్ళు, టీ కాచడానికి పొయ్యి వెలిగించినవాళ్ళు, ఇంకా నిద్రలోనే ఉన్నవాళ్ళు కాలిపోయారు. ఇరవై మందికి పైగా పోయారు. కాలిన ఒళ్ళతో ఉన్నవాళ్ళని అమలాపురం, అక్కణ్ణుంచి కాకినాడ తీసుకెళ్ళారు. అంతకు ముందు 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకి పైగా మండింది. ఈ నేల కింద గ్యాసుందని దేశానికంతటికీ తెలుసు. తీసుకుపోవడానికి పైపు రాజోలు నుంచి ఎంత దూరమైనా వేస్తారు, ఎక్కడా అతుకు వదలరు. కాలినవాణ్ణి తీసుకుపోయే దారికి మాత్రం ప్రతి వంతెన దగ్గరా ఒక అతుకు. గ్యాసుకి సమీకృత వ్యవస్థ ఉంది. మనిషికి లేదు. ఇది చేతకాక కాదు, పట్టక. పట్టకపోవడానికి పేరు పెట్టి, దాన్ని పాలసీ అనడం సిగ్గుమాలిన పని.

ఆ పాలసీ మీద పోట్లాడుకునేవాళ్ళయినా సాధువులా? 2021 మే 31న పధ్నాలుగు కాలేజీలకి తెర మీద బటన్ నొక్కి శంకుస్థాపన చేసినవారు, 2023లో మొదలైన కొత్త ప్రభుత్వ కాలేజీల్లోనే ఏటా 12 లక్షలకీ 20 లక్షలకీ సీట్లు పెట్టి జీవోలు ఇచ్చారు. ఆ జీవోలు చించేస్తామని ఊరూరా చెప్పి గెలిచినవారు, 2025 సెప్టెంబరులో పది కాలేజీలనే ప్రైవేటు చేతికి ఇద్దామని తీర్మానించారు. ఆ పదిలో మనదీ ఉంది. సీటు అమ్మడం తప్పని ఒకరికి గద్దె దిగాక తెలిసింది, ఒకరికి గద్దె ఎక్కాక మరుపొచ్చింది. దొందూ దొందే.

ఇంకో తమాషా. కాకినాడ రంగరాయ కాలేజీ 1958లో పుట్టినప్పుడు సర్కారుది కాదు, ఒక సొసైటీది. తర్వాత సర్కారు చేతికి వచ్చింది. అంటే మన తాతల రోజుల్లో ప్రైవేటువాళ్ళు కట్టింది సర్కారు తీసుకుంది. ఇప్పుడు సర్కారు మొదలెట్టింది ప్రైవేటువాళ్ళు తీసుకుంటారట. గోదావరి వెనక్కి పారడం అంటే ఇదే కాబోలు.

అమెరికాలో ఉన్న మా బావమరిది ఈ మాట ఎత్తితే చాలు, పిట్స్‌బర్గ్ గొప్ప చెబుతాడు. అక్కడ విశ్వవిద్యాలయం పేరు మీద నలభై దాకా ఆస్పత్రులు ఒకే గొడుగు కింద ఉన్నాయి. చిన్న ఊళ్ళో తీసిన స్కానింగ్ పెద్దూళ్ళో డాక్టరు తెర మీద కనిపిస్తుంది. అంత పెద్ద గొడుగు కిందికి అన్నీ వెళ్ళిపోతే ఊళ్ళో వేరే ఆస్పత్రే మిగలదని అక్కడా గొడవలున్నాయి, బిల్లుల సంగతి వాడు చెప్పడు. సరే, మనకి గొడుగు వద్దు, తెర చాలు. ఒకచోట తీసిన రక్తాన్ని రెండోచోట నమ్మడానికి ఎన్ని ఎకరాల స్థలం కావాలి? ఎన్నేళ్ళ లీజు కావాలి? పీజీ చదివే డాక్టరు మూడు నెలలు జిల్లా స్థాయి ఆస్పత్రిలో పనిచేయాలని ఇప్పటికే నియమం ఉంది, ఎంబీబీఎస్ పిల్లలు పల్లెల్లో కుటుంబాలని దత్తత తీసుకోవాలని కూడా ఉంది. ఉన్న ఆ నాలుగు దారాలనీ ఒక ముడి వెయ్యమంటే, కుదరదు, ముందు బోర్డు ఎవరిదో తేలాలంటారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మా అత్తయ్యకి ఇప్పుడు నయం. రాళ్ళు తీశారు. సంచి మాత్రం గుమ్మం పక్కన మేకుకి అలాగే వేలాడుతోంది. మొన్న ఆదివారం నేను వెళ్ళినప్పుడు పక్కింటి ముసలాయన కోడలు వచ్చింది. మామగారికి ఆయాసం, పై ఆస్పత్రికి రాశారు, తెల్లారగట్ల బయల్దేరాలి.

"పిన్నీ, ఆ సంచోసారి ఇస్తావా? మా ఇంట్లో కవర్లన్నీ పిడులు తెగిపోయాయి."

మా అత్తయ్య ఫిల్ములు తీసి పరుపు కింద దోపింది. కాగితాలు డబ్బాలో పెట్టింది. సంచి బోర్లించి దులిపితే అడుగున ఇరుక్కున్న పూతరేకు ముక్కొకటి రాలింది. చేత్తో లోపలంతా ఒకసారి తుడిచి ఇచ్చింది.

"జాగర్తే అమ్మాయ్. రాగానే ఇచ్చెయ్యాలి. నన్ను మళ్ళీ మంగళవారం రమ్మన్నారు."