రెండే రెండు ముక్కలు

మా బాబాయి మైకు అందుకుని "రెండే రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను" అన్నాడంటే, భిలాయి పక్కనున్న మా జాముల్ తెలుగువాళ్లలో అనుభవమున్నవాళ్లు కుర్చీల్లో కాస్త కిందికి జారి సర్దుకుంటారు. వంటవాళ్లు పులిహోర మీద మూత పెట్టేస్తారు. మా పిన్ని అయితే ఇంటి దగ్గర్నుంచే అల్లిక తెచ్చుకుంటుంది. ఇలాంటి వక్త లేని ఊరు ఉండదు గానీ, సొంత బాబాయి అయినందుకు ముందు వరసలో కూర్చోవడం, చప్పట్లు మొదలెట్టడం నా వంతు.

మొన్న ఉగాదికి కుర్రాళ్లు ముచ్చటపడి మా ఊరి చరిత్ర, తొలినాటి హాస్య సినిమా రెండూ కలిపి ఓ కార్యక్రమం పెట్టారు. ప్రొజెక్టరు తెచ్చి, గోడకి తెల్ల దుప్పటి కట్టారు. మొదటి బొమ్మ 1895లో లూమియేర్ తీసింది. తోటమాలి మొక్కలకి నీళ్లు పెడుతుంటాడు. వెనకనుంచి ఓ కుర్రాడొచ్చి గొట్టం తొక్కుతాడు. నీళ్లెందుకు ఆగాయా అని తోటమాలి గొట్టంలోకి తొంగి చూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు. అంతే, నిమిషం కూడా పట్టదు. దానికి ముందుమాట మా బాబాయిది.

1955 దగ్గర మొదలెట్టాడు. పెళ్లి సంబంధం మాట్లాడాలన్నా ఆయన అక్కడే మొదలెడతాడు. సోవియట్‌తో భిలాయి ఉక్కు ప్లాంటు ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారొచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించడం, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్లు ట్రంకుపెట్టెల్తో దిగడం, ప్లాంటులో మిగిలిన స్లాగు జాముల్‌లో సిమెంటైపోవడం. ఇంతవరకూ నాకు పేచీ లేదు. ఆయన చెప్పకపోతే ఇవి మా పిల్లలకి చెప్పే దిక్కు లేదు. వాళ్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబే హిందీలో వస్తుంది.

చిక్కల్లా ఏ రెండు తేదీలు దగ్గర్లో కనబడినా ఆయన ముడిపెట్టెయ్యడం. "పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయింది 1931లో. 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమాకి మాటొచ్చింది 1932లో. రైలు పడిన మరుసటేడే! ఆలోచించండి." ఆలోచించాం. ఏమీ తట్టలేదు. ఈలోగా లూమియేర్ స్టేషన్లోకి రైలొస్తున్న బొమ్మ కూడా తీశాడని ఆయనకే గుర్తొచ్చి దిగాలుపడ్డాడు. "అప్పటికి మన ప్లాంటు లేదు గానీ, ఉండుంటే ఆ పట్టాలు మనవే అయ్యుండేవి."

ఓ కుర్రాడు 'టైమైపోయింది' అని చీటీ అందించాడు. బాబాయి కళ్లజోడు పైకెత్తి చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఎవరో మంచి ప్రశ్న అడిగారు" అంటూ 'బారిస్టర్ పార్వతీశం'లోకి వెళ్లిపోయాడు. అది 1940లో సినిమాగా వచ్చింది. "మరి పార్వతీశం రైలెక్కాడా, లేదా?" అని నిలదీశాడు. ఎక్కాడు, కాదనలేం.

చివరికి లైట్లు ఆర్పారు. మూకీ కదా, ఇక మాటలుండవనుకున్నాం. "ఇదిగో, ఇప్పుడు కాలు తీస్తాడు చూడండి!" అని చీకట్లోంచి ఆయన గొంతే. మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పడానికి మనుషులుండేవారు. అప్పుడు పుట్టుంటే బాబాయికి ఈ పనికి జీతం దక్కేది, ఇంటిల్లిపాదికీ ప్రశాంతత దక్కేది. పిల్లలు "ఫిర్ సే!" అని గోల చేస్తే బొమ్మ మళ్లీ వేశారు. ఈసారి వ్యాఖ్యానం వినబడలేదు. ఏమైందా అని తిరిగి చూస్తే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, పక్కనున్న పిల్లాడి భుజం మీద కొట్టి మరీ. ఆ నవ్వు చూశాక మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం.

అయితే భోజనాల దగ్గర ఆ చీటీ కుర్రాణ్ణి మళ్లీ పట్టుకున్నాడు.

"రేలంగి సంగతి మిగిలిపోయిందిరా బాబూ. ఆయనకి పద్మశ్రీ ఎప్పుడొచ్చింది? 1970లో. అప్పటికి మన ప్లాంటులో..."

కుర్రాడి రెండు చేతుల్లోనూ రెండు కంచాలు, రెండిట్లోనూ అంచుదాకా సాంబారు. పరిగెత్తే వీల్లేదు.