మూత తీస్తే అరగంట

మా బంధువర్గంలో బద్ధకానికి నన్ను మించినవాడు లేడని ప్రతీతి. ఆ పేరు ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి కష్టపడకుండా సంపాదించుకున్నాను. చెత్తబుట్ట నిండితే పైన చేత్తో అదిమి ఇంకో పూట లాగిస్తాను. డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దమంటే, అందులోంచే ఒక్కో గిన్నె తీసి వాడుకుంటూ అదే ఖాళీ అయ్యేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తాను. అలాంటి నాకు ఏ పనీ చేయనక్కర్లేని వంట ఒకటి దొరికింది. అన్నీ గిన్నెలో పడేయాలి, మూత పెట్టాలి, మర్చిపోవాలి. అదీ చేతకాలేదు నాకు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఉన్న ఒక్క పేరూ పోయింది మరి!

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. ఇక్కడి ఆఫీసుల్లో థాంక్స్‌గివింగ్ ముందు పాట్‌లక్ అని ఒకటి పెడతారు. తలా ఒక వంటకం తేవాలి. ఎవరేం తెస్తారో రాయమని ఒక కాయితం తిప్పుతారు. తెలివైనవాళ్ళు పేపర్ ప్లేట్లూ, నాప్‌కిన్లూ, కూల్‌డ్రింకులూ ముందే రాసేసుకుంటారు. ఇన్నేళ్ళుగా ప్లేట్లు నావి. అది నా జాగీరు. ఈసారి నేను మీటింగులో ఉండగా, కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడొకడు వెళ్ళి ప్లేట్ల ఎదురుగా తన పేరు రాసేశాడు. నేను వచ్చేసరికి మిగిలింది ఒక్కటే, చీజీ పొటాటోస్. దాన్ని ఏటా తెచ్చే పెద్దాయన ఆ వేసవిలోనే రిటైరయ్యాడు. ఫోన్ చేస్తే ఆయన ఎంతో ఆనందపడి, వంటంతా రెండు నిమిషాల్లో చెప్పి, "స్లో కుక్కర్‌లో పడేసి మర్చిపో" అని ముగించాడు. ఆ మాట వినగానే ఇది నా కోసమే పుట్టిన వంట అనుకున్నాను.

తెలియనివాళ్ళకి చెబుతాను. తురిమిన బంగాళాదుంపలు, ఇక్కడ హాష్ బ్రౌన్స్ అని గడ్డకట్టించి సంచుల్లో అమ్ముతారు, 30 ఔన్సుల సంచి ఒకటి, అంటే సుమారు 850 గ్రాములు. దాంట్లోకి ఒక డబ్బా క్రీమ్ సూపు, పుల్లటి సార్ క్రీమ్ ఒక కప్పు, రెండు కప్పుల చెడార్ చీజ్ తురుము, కాస్త వెన్న, ఒక ఉల్లిపాయ, ఉప్పు, మిరియాల పొడి. పైన నలిపిన కార్న్‌ఫ్లేక్స్. పోపు లేదు, పసుపు లేదు, పచ్చిమిరపకాయ అన్న ఊసే లేదు. ఈ దేశపు మధ్య రాష్ట్రాల్లో ఇది లేకుండా చర్చి భోజనాలూ, గ్రాడ్యుయేషన్ పార్టీలూ జరగవు. అసలు పద్ధతి ఓవెన్‌లో. పండగనాడు ఓవెన్ టర్కీ కోడికి అంకితం కాబట్టి, దుంపలు స్లో కుక్కర్‌లోకి వలస వచ్చాయి.

ఆ డబ్బా సూపు సంగతి వేరే చెప్పాలి. కాంబెల్ కంపెనీ 1934లో పుట్టగొడుగుల క్రీమ్ సూపు డబ్బా తెచ్చింది. దాన్ని గిన్నెలో పోసుకుని తాగినవాళ్ళ కంటే వంటల్లో కుమ్మరించినవాళ్ళే ఎక్కువమంది అనుకుంటాను. 1955లో అదే కంపెనీ వంటశాలలో డోర్కాస్ రైలీ అనే ఆవిడ ఆ సూపుతో బీన్స్ కాసరోల్ కనిపెడితే, అది థాంక్స్‌గివింగ్ బల్ల మీద శాశ్వత సభ్యత్వం తీసుకుంది. మిన్నెసోటాలో లూథరన్ చర్చి భోజనాల్లో ఏ వంట చూసినా ఈ సూపే తగులుతుందని దీనికి 'లూథరన్ జిగురు' అని ముద్దుపేరు. మా పెద్దాయన చెప్పింది కోడి సూపు. మేం శాకాహారులం గనక పుట్టగొడుగులకి మారాను. మా అమ్మకి ఆ ముక్క కూడా చెప్పలేదు.

అయితే ముందురోజు రాత్రి కూర్చుని ఈ వంట పుట్టుపూర్వోత్తరాలు చదివాను. చదవకుండా ఉండాల్సింది. యూటా రాష్ట్రంలో దీన్ని 'అంత్యక్రియల దుంపలు' అంటారు. ఎవరింట్లోనైనా మనిషి పోతే, మోర్మన్ చర్చిలో ఆడవాళ్ళ సంఘం ఒకటుంది, రిలీఫ్ సొసైటీ అని, వాళ్ళు వచ్చి భోజనం ఏర్పాట్లు చూస్తారు. అందులో ఇది తప్పనిసరి. ఎంత ప్రసిద్ధి అంటే, 2002లో సాల్ట్‌లేక్ సిటీలో శీతాకాలపు ఒలింపిక్స్ జరిగితే, ఈ దుంపల బొమ్మతో చొక్కాకి పెట్టుకునే పిన్నులు కూడా వచ్చాయి. ఈ విశేషం మా ఆవిడకి చదివి వినిపించాను.

"శుభమా అని పండగ పూట చావు కూడేమిటండీ!" అంది.

తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మకి ఇంకో సందేహం వచ్చింది. "ఒరేయ్, తద్దినానికి బంగాళాదుంప పనికిరాదు కదరా? ఉల్లిపాయ అసలే పనికిరాదు. ఆ రెంటితోనే చేస్తారా వీళ్ళు?" అంది. నిజమే. మన ఇళ్ళలో తద్దినానికి ఏవి నిషిద్ధమో వాటినే ఏరికోరి ఒక గిన్నెలో చేర్చినట్టుంది. నా దగ్గర జవాబు లేక సిగ్నల్ పోతోందన్నాను.

ఇక కుక్కరు. కోలగా, బరువుగా ఒక పింగాణీ తొట్టి, పైన గాజు మూత, ముందు ఒక మర. లో, హై, వార్మ్ అని మూడే మాటలు దాని మీద. దీన్ని కనిపెట్టినాయన షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అని ఒక యూదు ఇంజనీరు. పేటెంటుకి 1936లో అర్జీ పెడితే 1940లో వచ్చింది. వాళ్ళమ్మ లిథువేనియాలో తన చిన్ననాటి సంగతులు చెప్పేదట. యూదులకి శనివారం విశ్రాంతి దినం. శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి పొయ్యి రాజేయకూడదు. అందుకని పొద్దు వాలకముందే చోలెంట్ అనే వంటకం కుండ పట్టుకెళ్ళి రొట్టెలవాడి పొయ్యిలో పెట్టి వచ్చేవాళ్ళు. ఆరిపోతున్న పొయ్యి వేడికి రాత్రంతా అదే ఉడికేది. ఆ కుండకి కరెంటు తీగ తగిలించాడు నాక్సన్. 1970లో కాన్సస్ సిటీ వాళ్ళ రైవల్ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనేసి, మరుసటి ఏడు క్రాక్‌పాట్ అన్న పేరుతో జనం మీదికి వదిలింది. అంటే పని చేయకూడదన్న నియమంలోంచి పుట్టిన పాత్ర ఇది. నాకిది కులదైవం కావాలి న్యాయంగా.

అక్కడే పౌరుషం అడ్డొచ్చింది. గడ్డకట్టిన దుంపలేమిటి, నిన్నటిదాకా దుంప వేపుడు తిన్న వంశం మాది, తాజా దుంపలే తురుముతానని భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఐడహో దుంపలు చెక్కు తీసి, తురిమి, పళ్ళెంలో కుప్ప పోసి, టీవీలో ఓవర్ అయ్యేదాకా అని పక్కగదిలోకి వెళ్ళాను. వచ్చి చూద్దును కదా, తెల్లటి తురుము గులాబీ రంగుకి తిరిగింది. ఇంకో ఓవర్ చూసొచ్చేసరికి బూడిదరంగు. దుంపని కోస్తే అందులో ఒక ఎంజైమ్‌కి గాలి తగులుతుంది, గాలి తగిలితే నల్లబడుతుంది. గడ్డకట్టించే ముందు కంపెనీవాళ్ళు దుంపల్ని వేడినీళ్ళలో ముంచి తీస్తారు గనక ఆ ఎంజైమ్ అక్కడే చస్తుంది. వంకాయ ముక్కలు తరిగితే ఉప్పునీళ్ళలో వేయాలని ఆంధ్రదేశంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. దుంప తురుము దగ్గర ఆ తెలివి నా వైపు తొంగిచూడలేదు.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఫ్రీజర్ తలుపు తీసి, వారం క్రితమే తెచ్చిపెట్టిన హాష్ బ్రౌన్స్ సంచి బల్ల మీద పెట్టింది. "మీరు తురుముతానంటారని తెలుసు," అంది. "తెలిస్తే ముందే చెప్పొచ్చుగా?" అన్నాను. "చెబితే మానేవారా?" ఆ నల్ల తురుములో మర్నాడు బియ్యప్పిండి కలిపి అట్లు పోసేసింది. ఒక్కరూ వంక పెట్టలేదు.

తెల్లవారుజామునే లేచి అన్నీ తొట్టిలో వేశాను. కార్న్‌ఫ్లేక్స్ కూడా. మర 'లో' మీద పెట్టాను. మూత పెట్టాను. నాలుగు గంటలకి పైగా నాకిక పని లేదు. ఉద్యోగంలో చేరాక ఇంత ధర్మబద్ధమైన తీరిక దొరకలేదు నాకు.

ఐదు నిమిషాలు బాగానే గడిచాయి.

అలవాటైన వంటింట్లో ఏదో ఒక చప్పుడుంటుంది. ఆవాలు చిటపటమంటాయి, కుక్కరు కూతేస్తుంది, పప్పు పొంగుతుంది. ఉడుకుతోందో లేదో చెవికే తెలుస్తుంది. ఇది నోరెత్తదు. వాసన లేదు, ఆవిరి లేదు. పైగా గాజు మూతకి లోపలంతా మబ్బు పట్టి, చినుకులు కట్టి, కింద ఏం జరుగుతోందో కనబడదు. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. అసలు కరెంటు వస్తోందా? మూత కొంచెం పక్కకి జరిపాను. దుంపలు పెట్టినవి పెట్టినట్టే నావైపు చూస్తున్నాయి.

మూత తీస్తే పోగైన వేడంతా ఒక్కసారి పోతుంది. మళ్ళీ పుంజుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఈ సంగతి కుక్కరుతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. చదివాను కూడా. అయినా మూత జరపడం అంటే తీయడం కాదు కదా అని నాకు నేను లాయర్ని పెట్టుకున్నాను. తర్వాత అడుగంటుతుందేమోనని తీశాను. ఉప్పు వేశానో లేదోనని తీశాను. చినుకులు దుంపల్లో పడుతున్నాయని తుడవడానికి తీశాను. తీసినప్పుడల్లా గరిటె పెట్టి కలిపాను, ఎందుకంటే గరిటె చేతిలోనే ఉంది. మూత టింగుమన్నప్పుడల్లా పైనుంచి "మళ్ళీ తీశారా?" అని వినిపించేది. పదో తరగతి చదివే మా అమ్మాయి కిందికొచ్చి, "నాన్నా, నీకు ఫోన్ ఇవ్వనా, చూసుకుంటావా?" అంది. చిన్నప్పుడు అది అన్నం తినకుండా మారాం చేస్తే మేం అడిగిన మాటే!

అమ్మ ఫోన్‌లో చూస్తూనే ఉంది. "మా అమ్మమ్మ పొద్దున్నే దాలి మీద పాలకుండ పెట్టేదిరా. పిడకల సెగకి సాయంత్రానికి ఎర్రగా కాగి, ఇంత మందాన మీగడ కట్టేది. ఇంటిల్లిపాదిలో ఒక్కరు దాన్ని ముట్టుకుంటే ఒట్టు," అంది. ముత్తమ్మమ్మ రక్తం నాదాకా రాలేదు.

టైము మించిపోతోంది, దుంపలు చూస్తే పచ్చిగానే ఉన్నాయి. మర 'హై' మీదికి తిప్పాను. మంట పెంచినట్టు అనుకున్నాను. నిజానికి రెంటిలో ఏది పెట్టినా చివరికి చేరేది నీళ్ళు మరిగే దగ్గరికే, హైలో పెడితే త్వరగా చేరుతుంది, అంతే తేడా. ఈసారి మొండిగా కూర్చుని, మళ్ళీ మూత తీసేసరికి అంచుల చుట్టూ పసుప్పచ్చగా నూనె తేలి ఉంది. నా ఆనందం చూడాలి! మా అమ్మ నేర్పిన వంటలో నూనె తేలిందంటే కూర అయినట్టే. "అయిపోయిందోయ్!" అని కేక వేశాను. మా ఆవిడ వచ్చి చూసి, "అయిపోయింది," అంది. ఆమె చెప్పింది వేరే అయిపోవడం. చీజ్‌కి వేడి ఎక్కువై, కలపడం ఎక్కువైతే అందులో ప్రోటీను బిగుసుకుపోయి కొవ్వుని బయటికి కక్కేస్తుంది. సార్ క్రీమ్ కూడా విరిగి పలుకులు పలుకులుగా ఉంది. మొదట్లోనే వేసిన కార్న్‌ఫ్లేక్స్ ఎక్కడున్నాయో నేటికీ ఆచూకీ లేదు.

వండినవాడు పట్టుకెళ్ళక తప్పదు. కారు ముందు సీట్లో పెట్టి బెల్టు కట్టాను. ఒలకకుండా మూత చుట్టూ మా ఆవిడ టేపు వేసింది. ఆ టేపేదో తెల్లవారుజామునే వేసి ఉంటే సరిపోయేది.

మిషిగన్ వాళ్ళు మర్యాదస్తులు. తలా ఒక చెంచాడు వేసుకుని, ఎంతో బాగుందని చెప్పి, ఆ చెంచాడూ ప్లేటు అంచుకి తోసేశారు. రెండోసారి వేసుకున్నవాడు నెల్లూరు కుర్రాడొక్కడే. వాడు బ్రహ్మచారి, వాడి మాట ప్రమాణం కాదు.

ఆ రాత్రి మా ఆవిడని అడిగాను. "సోఫాలో గంటల తరబడి కదలకుండా ఉండగలను కదా, ఆ మూత దగ్గర నిమిషం ఉండలేకపోయానేం?"

"అప్పుడు స్టవ్ దగ్గర నేనుంటాను కనక," అంది.

తర్వాతి ఆదివారం తనే చేసింది. దుంపల సంచి రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చింది. తొట్టి లోపల వెన్న రాసింది. చీజ్ గడ్డ కొని ఇంట్లోనే తురిమింది. సంచిలో అమ్మే తురుముకి అతుక్కోకుండా పిండి పూత ఉంటుందట, అది సాఫీగా కరగదు. సార్ క్రీమ్ మొదట వేయలేదు, ఇక దించేస్తామనగా కలిపింది. మూత కింద ఒక పొడి గుడ్డ పరిచింది, చినుకులు అది పీల్చుకుంటుంది. ఆ గుడ్డ కొసలు వేడి తగలకుండా పైకి మడిచి పెట్టింది. కార్న్‌ఫ్లేక్స్ వెన్నలో వేరే వేయించి, వడ్డించే ముందు చల్లింది. మధ్యలో నాలుగు గంటలూ గుడికీ, కూరగాయలకీ తిరిగొచ్చింది. నిజం చెప్పొద్దూ, పోపూ పచ్చిమిర్చీ లేకపోయినా ఆ చప్పిడి దుంపలు మహా బాగున్నాయి. అమెరికావాళ్ళకి నాలుక లేదని ఇన్నాళ్ళూ అన్న మాట దుంపల వరకు వెనక్కి తీసుకుంటున్నాను.

మీరూ చేసి చూడండి. మూత పెట్టాక కారు తాళాలు తీసుకుని ఊరి మీద పడండి. ఇంట్లో నాలాంటివాడు ఉంటే మాత్రం వాణ్ణి కాపలా పెట్టకండి, మా ఆవిడలాగే వెంట తీసుకుపోండి.